నో డయల్‌టోన్

టిక్. ఎత్తింది. మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్న తీతుకి లేచి చూడాల్సిన పనే లేదు. ముప్ఫై రెండేళ్లు టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మ్యాన్‌గా చేసినవాడికి లైను ఎత్తిన చప్పుడేదో, పెట్టేసిన చప్పుడేదో ఒకరు చెప్పాలా. ముందు గదిలో కూతురు జోస్నా ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది, దాని లోపలి మోడెమ్ ఫోన్ లైనును ఎత్తింది, సన్న గొంతుతో డయల్‌టోన్ బయటికొచ్చింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఇక అంకెలు కొట్టాలి, కొట్టవే తల్లీ, నీకు పుణ్యముంటుంది కొట్టు, ఊహూఁ, టిక్, పెట్టేసింది. పొద్దున ఆరున్నర నుంచి ఇది పదకొండోసారి. "నో డయల్‌టోన్ అంటది! టోన్ గింత మంచిగ ఇనొస్తుంటే లేదంటదేంది, దీని మొకం మండ!" అని జోస్నా తిట్టింది. తిట్టు మోడెమ్‌కే గానీ గోడ దాటి వచ్చి తీతుకి తగిలింది. టోన్ మంచిగా లేదని ఈ కొత్తపేట మొత్తంలో తెలిసినవాడు తనొక్కడే, ఎందుకు మంచిగా లేదో తెలిసినవాడూ తనే, తెలిసీ దుప్పటి కప్పుకుని నిద్ర నటిస్తున్నవాడూ తనే. అటు తిరిగి పడుకున్నాడు, ఇటు తిరిగి పడుకున్నాడు, దిండు తిరగేశాడు. బయట పండ్ల మార్కెట్టుకి మామిడికాయల లారీలు పోతూ ఒకటే హారన్లు కొడుతున్నాయి, ఆదివారమని కూడా లేదు వీళ్లకి.

ఎనిమిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో జోస్నా డెమో. అక్కడి కోచింగ్ సెంటర్లలో అదొక పద్ధతి, కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు ఒక క్లాసు ఊరికే చెప్పాలి, విన్న పిల్లలకి నచ్చితే చేరతారు, చేరితే బ్యాచ్ నీది, లేకపోతే నీ దారి నీది. మహేందర్ సార్ ఈ పిల్లకి ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, లినక్స్ మీద ఇంటర్నెట్ తెచ్చి అందరి ముందు చూపించు, బ్యాచ్ నీదే అన్నాడట. ఇన్‌స్టిట్యూట్ ఫోన్ మీద ప్రాక్టీసులు మాత్రం వద్దన్నాడట, అడ్మిషన్ల ఫోన్లు ఆగిపోతాయని. అందుకని ఇంటి ఫోన్. లినక్స్ అంటే విండోస్ కాదట, ఊరికే దొరుకుతుందట, కానీ ల్యాప్‌టాప్‌లలో పెట్టే మోడెమ్‌లు దానికి ఓ పట్టాన లొంగవట. మొదటి రెండు రోజులు తన కడుపులో మోడెమ్ ఒకటుందనే ఆ ల్యాప్‌టాప్‌కి తెలియలేదు. తర్వాత జోస్నా నెట్ సెంటర్‌కి పోయి, ఏదో డ్రైవర్ సీడీలో ఎక్కించుకొచ్చి, తలుపు దగ్గరేసుకుని, అన్నం ప్లేటు పక్కన ఎండిపోతున్నా చూసుకోకుండా కుస్తీ పట్టింది, నిన్న సాయంత్రానికి మొదటిసారి లైను ఎత్తించింది. ఆ టిక్ విన్నప్పుడు తీతుకి ఒక్క క్షణం గర్వమేసింది, నా బిడ్డ, సొంతంగా లైను ఎత్తించింది చూడు అని. ఆ మరుక్షణం దాని స్పీకర్లోంచి టోన్ వినబడింది. మొదట్లో తెగుతూ, తడబడుతూ, ఆ తర్వాత సాఫీగా. ఆ తెగుడు ఆయనకు తెలుసు. తెలియదూ మరి, పెట్టింది తనేగా.

ట్రాన్స్‌ఫర్ పెట్టిన లైనులో టోన్ అలాగే వస్తుంది. నీ ఇంటికి వచ్చే ఫోన్లు నీ దగ్గర మోగకుండా ఇంకో నంబరుకి పోవాలంటే నాలుగు అంకెలు కొట్టి ఆ నంబరు కొడితే చాలు, ఎక్స్ఛేంజి గుర్తుపెట్టుకుంటుంది, నీకు గుర్తు చేయడానికి టోన్ మొదట్లో కొంచెం తెంపుతుంది. మామూలు మనిషి పట్టించుకోడు. మోడెమ్ పట్టించుకుంటోంది. మనుషులను మోసం చేయొచ్చు గానీ ఆ డబ్బాను ఎట్లా చేస్తావురా తీతూ. ఎనిమిది రోజుల కింద, శనివారం పొద్దున, జోస్నా స్నానానికి పోయినప్పుడు, చేతులు తడబడకుండా, నిమిషంలో పెట్టేశాడు. ఫోన్లన్నీ భిక్షపతి ఇంటికి. భిక్షపతి తన పాత జోడీ, ఇద్దరూ కలిసే స్తంభాలెక్కారు, నాదర్‌గుల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. కూతురి కాన్పని మొగుడూ పెళ్లాం సూర్యాపేట పోయారు నెలకి. ఇల్లు తాళం. తాళంచెవి తీతు దగ్గరే, మొక్కలకు నీళ్లు పోయమని ఇచ్చిపోయారు. తాళమేసిన ఇంట్లో ఫోన్ ఎంతసేపు మోగితే ఎవడికి. రెండు రోజులే అనుకున్నాడు. పిల్ల రెండు రోజులు నిద్రపోతే చాలు, తర్వాత తీసేద్దాం అనుకున్నాడు.

నిద్ర మరి. పది రోజుల కింద బ్యాగు పట్టుకుని హయత్‌నగర్ నుంచి వచ్చేసింది. జోయల్ చెడ్డవాడని అనలేము, డిపోలో మెకానిక్, తాగడు, చెయ్యెత్తడు, కానీ నోరు ఆగదు. వాళ్లమ్మ సైదమ్మకైతే అసలే ఆగదు. సాయంత్రం బ్యాచ్‌లు మానెయ్యి అన్నారు, రాత్రి ఎనిమిదింటికి బస్సు దిగే కోడలేంటి అన్నారు. మాటకి మాట. వచ్చిన రోజు, ఆ మర్నాడూ జోయల్ ఫోన్ చేశాడు, చేసి అరిచాడు, ఇదీ అరిచింది, పెట్టేసి తెల్లారేదాకా ఏడ్చింది. శాంసన్ అయ్యగారు చర్చి నుంచి వచ్చి కూర్చుని, పది రోజులు ఆగుదామమ్మా, అతను నీ ఇంటికి రావద్దు, నువ్వు పోవద్దు, అతనే ఫోన్ చేసి నెమ్మదిగా మాట్లాడాలి, మాట్లాడకపోతే పదో రోజు పెద్దలం కూర్చుందాం అన్నాడు. జోయల్‌తో కూడా అదే చెప్పాడు. ఆ పదో రోజు ఈ రోజే. ఆరాధన అయ్యాక కూర్చుంటారు. ఎనిమిది రోజులుగా ఫోన్ మోగలేదు. ఎట్లా మోగుతుంది? జోస్నా మొదట్లో ఫోన్ పక్కనే చాప వేసుకుని పడుకుంది, అడ్డుగా ఉందని తీతు అంటే ఇక్కడ గాలి బాగా వస్తుందంది. నేనే చేస్తే ఏం పోయింది అనుకుని రెండుసార్లు రిసీవర్ మీద చెయ్యి కూడా పెట్టింది, చూశాడు, మళ్లీ తీసేసింది, మొండిది, తల్లి పోలిక. ఆ తర్వాత ఫోన్ వైపు చూడటం మానేసి ల్యాప్‌టాప్ ముందేసుకుంది. ఆ ఫోన్‌కే తీగ తగిలించుకుని కూర్చుంది, చూడు.

టిక్. పన్నెండు. ఒకటి, రెండు, మూడు. టిక్.

తీతు లేచి కూర్చున్నాడు. పడుకుంటే ప్రాణానికి కుదురు లేదు, కూర్చున్నా లేదు. చెప్పులు వెతుక్కున్నాడు, దొరికాయి, వేసుకోలేదు. గురువారం గుర్తొస్తోంది, వద్దన్నా గుర్తొస్తోంది. భిక్షపతి ఇంట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు, సాయంత్రం ఐదున్నర, పైన శిక్షణ విమానమొకటి గిరగిరా తిరుగుతూ ఉంది, లోపల ఫోన్ మోగింది. చేతిలో మగ్గు ఆగిపోయింది. డిపోలో జోయల్ డ్యూటీ దిగేది ఐదింటికి, బయట కాయిన్ బాక్స్ ఫోన్ దాకా నడిచొచ్చేసరికి ఐదున్నర. మోగింది, మోగింది, ఆగింది. వీడే కాకపోవచ్చు, భిక్షపతి చుట్టాలెవరో అయుండొచ్చు అనుకున్నాడు. మళ్లీ మోగింది. తలుపు తీసి లోపలికి పోయి దాని ఎదురుగా నిలబడ్డాడు. ఎత్తితే అయిపోయేది, బాబూ లైను ఇటు కలిసింది, నేను చెప్తా లే అంటే అయిపోయేది. ఎత్తలేదు. పద్నాలుగు రింగులు లెక్కపెట్టాడు. మూడోసారి కూడా మోగింది, అప్పుడు ఐదే మోగింది, పిల్లవాడు విసిగిపోయాడనో వెనక ఎవరో నిలబడి తొందరపెడుతున్నారనో తెలుస్తూనే ఉంది. ఆ రాత్రి జోస్నా చేసిన చేపల పులుసు తిన్నాడు, బాగుందన్నాడు, ఇంకొంచెం వేయించుకున్నాడు. అదీ సిగ్గులేని మనిషి సంగతి.

"డాడీ, లేచినవా?" జోస్నా గుమ్మంలో నిలబడి ఉంది. తడి జుట్టు చుట్టి పైకి ముడేసుకుంది, ఆదివారం చీర కట్టుకుని ఉంది, కళ్ల కింద నల్లగా ఉంది. "జర ఇట్ల రా. టోన్ ఉన్నా ఇది గుర్తుపడ్తలేదు. నాకైతే మంచిగనే ఇనొస్తుంది గానీ నువ్వు డిపార్ట్‌మెంట్‌ల చేసినవ్ గదా. ఇని చెప్పు, మన లైన్లనే ఏమన్న తేడా ఉందా?"

ఇన్నేళ్లలో ఈ పిల్ల తనను పని గురించి అడగడం ఇదే మొదటిసారి. నీకు తెలియదు డాడీ, నీకు అర్థం కాదు డాడీ, ఇదే విన్నాడు ఎప్పుడూ. ఈ రోజు అడిగింది. వచ్చి కూర్చున్నాడు. అది లైను ఎత్తించింది, ఆయన చెవి దగ్గర పెట్టాడు, తెగుతూ, తడబడుతూ, ఆ తర్వాత సాఫీగా. నాలుగు సెకన్లలో ఆయనకు నోరు తెరిచే అవకాశం నాలుగుసార్లు వచ్చింది.

"మంచిగనే ఉంది బిడ్డా," అన్నాడు తీతు.

"గట్లైతే మోడెమ్‌లనే ఉంది రోగం," అని జోస్నా మళ్లీ ఆ ప్రింటు కాగితాల కట్టలో పడింది, నెట్ సెంటర్‌లో తీయించుకున్న ఇంగ్లీషు కాగితాలు, ఎవరెవరో ఎక్కడెక్కడో తిప్పలు పడి రాసుకున్నవట. తీతు తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఒక్క రెండు నిమిషాలు అది ఫోన్ దగ్గర నుంచి లేస్తే చాలు, రద్దు చేసే అంకెలు కొట్టేయొచ్చు, టోన్ బాగవుతుంది, మోడెమ్ డయల్ చేస్తుంది, దాని డెమో అవుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. "బిడ్డా, పాలు తెస్తవా జర?" "ఫ్రిజ్‌ల ఉన్నయ్ డాడీ." "పేపర్ ఒచ్చిందేమో సూడు గేటు కాడ." "నీ మంచం మీదనే ఉంది డాడీ." "ఏదన్న తిను పో బిడ్డా, ఖాళీ కడుపుతోని..." "డాడీ!" అంది జోస్నా. చాయ్ గిన్నె పెట్టాడు, పొయ్యి వెలిగించడం మరిచిపోయాడు, అది కాగుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

పోనీ తీసేశాడే అనుకో. మరి పెద్దలు కూర్చుంటారే. జోయల్ వస్తాడు, నేను రోజూ చేశానయ్యగారూ, ఎత్తలేదు అంటాడు. జోస్నా ఒక్కసారి కూడా మోగలేదంటుంది. ఇద్దరూ నిజమే చెప్తారు. మోగని ఫోన్‌కి సాక్ష్యం ఎవరు చెప్తారు? పక్కన కూర్చున్న తండ్రినే అడుగుతారు, తీతన్నా నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, మోగిందా అని. మోగలేదు అనే అంటాడు, అదీ నిజమే. అందరి ముందూ జోయల్ అబద్ధాలకోరు అవుతాడు. నోరు ఆగని పిల్లవాడు, కోపం వస్తుంది, ఏదో ఒకటి అనేస్తాడు, అక్కడితో తెగిపోతుంది. తెగిపోవాలనేనా నీకు? నిజం చెప్పు తీతూ, వంటింట్లో ఎవరూ లేరు. ఏడుస్తుంటే చూడలేక పెట్టావు, సరే. నాలుగో రోజు నవ్వింది కదా, ఐదో రోజు పాట పాడుకుంటూ ఇల్లు కడిగింది కదా, అప్పుడెందుకు తీయలేదు? ఇది వచ్చాక ఇంట్లో దీపం వెలిగినట్టుంది, పొద్దున్నే గిన్నెల చప్పుడు, తిన్నవా డాడీ అనే మాట. భార్య పోయిన మూడేళ్లలో ఎవరైనా ఆ మాట అడిగారా? ఇది ఉండిపోతే బాగుండునని నీకే ఆశ. పిల్ల మేలు అని పేరు పెట్టుకున్నావు, అంతే.

ఎట్లాంటి మనిషివి ఎట్లా అయిపోయావు. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర గాలివానకి తీగలు తెగి పడిన సంవత్సరం, ఒక ఆమె రోజూ ఆఫీసుకొచ్చి నిలబడేది. మొగుడు దుబాయ్‌లో ఉండేవాడు, శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు, రెండు శుక్రవారాలు పోయాయి. మూడో శుక్రవారం పొద్దున్నే తీతు స్తంభమెక్కాడు, ఇది అయ్యేదాకా దిగనని భిక్షపతితో అన్నాడు, చీకటి పడుతుండగా టెస్ట్ ఫోన్ తగిలించి చూస్తే లైను బతికింది, అప్పుడే లోపల ఎవరిదో గొంతు, ఎట్లున్నవే, అన్నది. వెంటనే క్లిప్పు తీసేశాడు. ఒకరి మాటలు వినకూడదు, ఒకరి మాటలు ఆపకూడదు, ఈ రెండే ఈ ఉద్యోగం అని కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి చెప్పేవాడు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది. గిన్నె ఇంకా చల్లగానే ఉందని ఇప్పుడు చూశాడు, పొయ్యి వెలిగించాడు.

టిక్. ఎత్తింది. టోన్ తెగుతూ వచ్చింది, ఇంకా తెగుతూనే ఉంది, అంతలో టకటకటక అంకెలు పడ్డాయి. తీతు చేతిలో అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. అవతల మోగింది, ఎత్తారు, కీచుమని ఒక గొంతు, గరగరమని దానికి జవాబు, రెండూ కలిసి బుస్సుమని పొర్లి, చటుక్కున నిశ్శబ్దమైపోయాయి. నిశ్శబ్దమైతే కలిసినట్టు. "డాడీ! డాడీ, కలిసింది!" జోస్నా పరుగెత్తుకుంటూ వంటింట్లోకొచ్చి చిన్నపిల్లలా ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది. "టోన్ కోసం సూడకుండనే డయల్ చెయ్యమని చెప్పొచ్చంట, గా కాగితంలనే ఉంది, నాలుగక్షరాల కమాండు! ఇన్ని రోజులు సంపింది నన్ను!" నవ్వుతోంది. కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి. తీతు కూడా నవ్వాడు, ఆయనకు నిజంగానే సంతోషమేసింది, ఆపుకోలేనంత. ఇక టోన్ బాగుండాల్సిన అవసరం దానికి లేదు, టోన్ ఎందుకు తెగుతోందని ఎవరూ అడగరు. బతికిపోయావు తీతూ అనుకున్నాడు, ఆ అనుకోవడమే నోట్లో చేదుగా తగిలింది.

జోస్నా ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో సర్దుకుంటోంది. ఏడుంబావు. "బ్యాచ్ ఒస్తది డాడీ, ఒచ్చినట్టే. ఇయ్యాల చర్చిల అయ్యగారితోని చెప్పేస్త. ఇగ పోను అని. మొదాలు అరుసుటానికి రెండుమాట్ల చేసిండు, తగ్గి మాట్లాడనీకె ఒక్కమాటన్న చెయ్యలే. ఎనిమిది రోజులల్ల ఒక్కసారి గుర్తు రాలేనా నేను?" గొంతు మామూలుగానే ఉంది, జిప్పు మాత్రం పట్టడం లేదు, లాగుతూనే ఉంది.

"నేను అబద్ధం చెప్పిన బిడ్డా," అన్నాడు తీతు. "టోన్ మంచిగ లేదు."

"పని ఐంది గదా డాడీ, ఇప్పుడెందుకు."

"మోడెమ్ ముచ్చట కాదు. లైన్ ట్రాన్స్‌ఫర్‌ల ఉంది. మనింటికి ఒచ్చే ఫోన్లన్నీ భిక్షపతి ఇంటికి పోతున్నయి. పోయిన శనివారం నేనే పెట్టిన."

జిప్పు లాగుతున్న చెయ్యి ఆగింది. "జోయల్ చేసిండా?"

"చేసిండు. గురువారం నేను గాడ్నే ఉన్న. మూడుసార్లు మోగింది. నిలబడి ఇన్న, ఎత్తలే."

ఎందుకు అని అడుగుతుందని, అరుస్తుందని చూశాడు. అరిస్తే బాగుండేది. జోస్నా కుర్చీలో కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. "నేను గా ఫోన్ పక్కన పండుకున్న డాడీ," అంది. నువ్వు ఏడుస్తుంటే చూడలేక అన్నాడు ఎలాగో, చెప్పి, అది సగమేనని తనకే తెలిసి, "నువ్వుంటే ఇల్లు మంచిగుంది, గందుకు గూడ," అన్నాడు. ఆ రెండో మాట చెప్పాక మొహం ఎత్తి దాన్ని చూడలేకపోయాడు. లోపల చాయ్ పొంగి పొయ్యి మీద పడిన వాసన వస్తోంది, ఇద్దరూ లేవలేదు.

"తియ్యి," అంది జోస్నా. ఫోన్ తీగ మళ్లీ ఫోన్‌కి తగిలించి ఆయన ముందుకు జరిపింది. తీతు అంకెలు కొట్టాడు. రిసీవర్ దాని చేతికిచ్చాడు. అది విన్నది, సాఫీగా, ఎక్కడా తెగకుండా వస్తున్న టోన్ కాసేపు అలాగే విన్నది, తర్వాత తనే ఒక నంబరు కొట్టింది. హయత్‌నగర్‌లో జోయల్ వాళ్ల ఇంటి పక్క కిరాణా కొట్టు. "జగనన్నా, నేను జోస్నాను. మా ఇంట్ల జోయల్‌ని జర పిలుస్తవా? ఆఁ, లైన్లనే ఉంటం." రిసీవర్ తండ్రి వైపు చాపింది.

"నువ్వు మాట్లాడవా?"

"నాకు ఎనిమిదింటికి డెమో ఉంది. పోవుడా ఉండుడా నేను సూస్కుంట, గది నీ పని గాదు. నువ్వు చేసింది నువ్వు చెప్పు."

బ్యాగు భుజానికేసుకుని వెళ్లిపోయింది. గేటు చప్పుడైంది. తీతు రిసీవర్ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. స్తంభాల మీద వేలసార్లు హలో హలో టెస్టింగ్ అన్న నోరు ఎండిపోయింది. పెట్టేయొచ్చు, లైను కట్టయిందనుకుంటారు, లైన్లు కట్టవడం కొత్తా. పెట్టలేదు. అవతల కొట్టులో ఎవరో పాల ప్యాకెట్లు అడుగుతున్నారు, హైవే మీద బస్సు పోయింది, దూరంగా జగన్ కేక, ఆ తర్వాత చెప్పులు పరుగెత్తుతున్న చప్పుడు, దగ్గరికి, ఇంకా దగ్గరికి. రిసీవర్ దేనికో తగిలి టక్కుమంది.

"జోస్నా!" జోయల్ రొప్పుతున్నాడు. "ఎనిమిది దినాల సంది చేస్తున్న, ఒక్కసారన్న ఎత్తొచ్చు గదా. తిట్టనీకె గాదు, ఒట్టు, తిట్టనీకె గాదు. ఎందుకు ఎత్తలే?"

"ఎత్తుతుండె బిడ్డా," అన్నాడు తీతు. "నేనే ఎత్తనియ్యలే."